పాత కాపీ లేచిన దసరా

నా ఉద్యోగం ఏమిటని చుట్టాలు అడిగితే మా అత్తగారు ఎప్పుడూ ఒకటే జవాబు చెప్పేవారు. "మా కోడలు కంప్యూటర్లు మోస్తాది." మొదట్లో ఉడుక్కునేదాన్ని. సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ అనే మాట ఆవిడ చేత పలికించాలని చూసి చూసి ఊరుకున్నాను. ఇప్పుడు రిటైరై, మోకాళ్లకి నూనె రాసుకుంటూ వెనక్కి తిరిగి చూస్తే ఆవిడ చెప్పిందే సరైన మాటనిపిస్తోంది. నేను చేసింది మోత పనే. ఒక సర్వర్ మీద ఉన్నదాన్ని ఇంకో సర్వర్ మీదికి మోశాను. అది ముసలిదైతే మళ్లీ ఇంకోదాని మీదికి మోశాను.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, ఏ కోర్సు చదవాలి, ఏ సర్టిఫికెట్ తీసుకోవాలి అని అడుగుతుంటారు. ఆ సంగతులు నాకంటే వాళ్లకే బాగా తెలుసు. నాకు తెలిసినవి వేరే ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనదాన్ని ఓపిక ఉన్నప్పుడే రాసి పెట్టాలని కూర్చున్నాను.

*పొగా, ఉప్పుగాలీ*

మాది టెక్కలి. పని చేసింది పలాసలో. తొంభైల చివర్లో కాశీబుగ్గలో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేదాన్ని. టైపు మిషన్లు ఒక్కొక్కటీ మూలపడి, వాటి బల్లల మీదికి కంప్యూటర్లు వచ్చాయి. వాటితోపాటు నన్ను కూడా మూలన పడేయకుండా యజమాని "నువ్వూ ఇవి నేర్చీసుకోమ్మా, పడుంటాది" అన్నారు. నేర్చుకున్నాను. ఆ తర్వాత కొన్నేళ్లు జీడిపప్పు వ్యాపారుల ఆఫీసుల్లో కంప్యూటర్లు చూసేదాన్ని. అక్కడి నుంచి ఒక ట్రస్టు ఆసుపత్రిలో చేరి, అందులోనే రిటైరయ్యాను.

పుస్తకాల్లో సర్వర్ గది అంటే చల్లగా, శుభ్రంగా ఉంటుంది. మా ప్రాంతంలో జీడిపిక్కలు కాల్చిన పొగ జిడ్డుగా వచ్చి ఫ్యాన్ రెక్కలకి పట్టేది. గుడ్డతో తుడిస్తే పోయేది కాదు, గోటితో గీకాలి. కవిటి వైపు, డొంకూరు వైపు వెళ్తే ఉప్పుగాలి కేబుళ్ల కొసల్ని తినేసేది. కరెంటు సంగతి చెప్పనక్కర్లేదు. ఇన్ని ఉన్నా పని నడిచింది.

*వంటిల్లు మార్చడం*

అసలు పని ఏమిటో తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను, తెలిసినవాళ్లు ఓర్చుకోవాలి.

ఒక పెద్ద కంప్యూటర్‌లో, అంటే సర్వర్‌లో, ఇంకో కంప్యూటర్ ఉన్నట్టు నడిపించవచ్చు. దాన్ని వర్చువల్ మెషిన్ అంటారు. దానికి తన పేరుంటుంది, తన చిరునామా ఉంటుంది, తన డిస్కు ఉంటుంది. ఆ డిస్కు మాత్రం నిజంగా ఉన్నది కాదు, సర్వర్ లెక్కలో అది ఒక పెద్ద ఫైలు, అంతే. ఆ ఫైలుని తీసుకెళ్లి వేరే సర్వర్ మీద పెట్టి లేపితే, మెషిన్ ఏమీ జరగనట్టు లేచి కూర్చుంటుంది. తను ఇల్లు మారానని దానికి తెలియదు.

పెద్ద ఊళ్లలో, పెద్ద సంస్థల్లో, సర్వర్లన్నిటికీ కలిపి ఒకే డిస్కుల బీరువా ఉంటుంది. అక్కడ మెషిన్‌ని మార్చడమంటే ఒకే వంటింట్లో వండే మనిషి మారడం లాంటిది. సామాను ఉన్నచోటే ఉంటుంది. మాకు అలాంటి బీరువా లేదు. ఏ సర్వర్ డిస్కు ఆ సర్వర్‌దే. కాబట్టి వంటిల్లు వంటిల్లంతా ఎత్తి పక్కింట్లో దించాలి, ఉప్పు డబ్బా మూత కూడా మర్చిపోకూడదు.

ఇందులో మొదటి పాఠం నాకు కాశీబుగ్గలోనే దొరికింది. ఒక జీడిపప్పు వ్యాపారి ఆఫీసులో మెషిన్‌ని కొత్త సర్వర్‌కి మార్చడానికి విశాఖపట్నం నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. ఫైలుని బయటి డిస్కులోకి కాపీ పెట్టి టీకి వెళ్లాడు. ఆ డిస్కు పాత పద్ధతిలో ఫార్మాట్ చేసినది. నాలుగు జీబీలు దాటిన ఫైలుని అది పట్టుకోలేదు, మధ్యలో ఆగిపోయింది. అతను వచ్చి, తెర మీది సందేశం చదవకుండా మూసేసి, అసలు ఫైలుని తుడిచేశాడు. ఎందుకు తుడిచావయ్యా అంటే, ఖాళీ కావాలి కదండీ అన్నాడు. ఆ వ్యాపారి గుమాస్తాలు ఆ సీజనంతా పాత బిల్లులు చూసి మళ్లీ ఎక్కించారు. కొత్తది లేచి నడిచేదాకా పాతదాని మీద చెయ్యి వేయకూడదని నాకు ఆరోజు ఎవరూ చెప్పకుండానే తెలిసింది.

దీనికి రెండో సగం ఉందని తెలియడానికి మాత్రం ఆసుపత్రిలో చేరాల్సి వచ్చింది.

*ఆపడానికి ఒప్పించడం*

మా ఆసుపత్రిలో ఒక డయాలసిస్ గది ఉండేది. ఉద్దానంలో కిడ్నీలు పాడైనవాళ్ల సంగతి కొత్తగా చెప్పేదేముంది. బెడ్లు తక్కువ, వచ్చేవాళ్లు ఎక్కువ. ఒక్కొక్కరికి వారంలో రెండు రోజులు, ఫలానా పూట, ఫలానా బెడ్ అని కేటాయిస్తారు. సోమవారం వచ్చినవాళ్లు మళ్లీ గురువారం రావాలి. వేరే జంట రోజులవాళ్లూ అంతే. ఆదివారం సెలవు. ఒకరికి కేటాయించిన బెడ్ ఖాళీ అయితేనే ఇంకొకరికి దొరుకుతుంది. ఎప్పుడు ఖాళీ అవుతుందో నేను చెప్పనక్కర్లేదు.

ఈ కేటాయింపు అంతా ఒక వర్చువల్ మెషిన్‌లో ఉండేది. అది నడిచే సర్వర్ ముసలిదై, డిస్కు కిర్రుమంటుంటే, 2008 తర్వాత ఎప్పుడో ట్రస్టు వాళ్లు కొత్తది కొన్నారు. పాతదాని పక్కనే కొత్తదాన్ని పెట్టాం. ఇక మోయాలి.

ట్రస్టు కార్యదర్శి పాపారావు గారు సొంత జీడిపప్పు ఫ్యాక్టరీ నడిపిన మనిషి. ఫ్యాక్టరీ ఆగితే ప్రాణం పోతుందన్నట్టు ఉండేవారు.

"ఆపకుండా మార్చలేవేటమ్మా? విశాపట్నంలో నడుస్తుండగానే మార్చీస్తారట."

"మార్చొచ్చు సార్. ముందు మన కరెంటుని ఒప్పించండి" అన్నాను.

ఆయనకి నవ్వు రాలేదు. నడుస్తుండగా మార్చే పద్ధతి అప్పుడప్పుడే వస్తోంది. ఫైలుని కాపీ చేస్తుంటారు, ఈలోగా మారిన ముక్కల్ని మళ్లీ కాపీ చేస్తారు, ఆ ఈలోగా మారినవాటిని మళ్లీ. చివరికి ఒక్క క్షణం ఆపి, మిగిలిన కాస్తా పంపి అటువైపు లేపుతారు. ఆయన మాట తీసేయలేక ఒకసారి ప్రయత్నించాను. సగంలో కరెంటు పోయింది, జనరేటర్ అందుకునేలోపు ముసలి యూపీఎస్ కుయ్యిమని చేతులెత్తేసింది. అసలు ఫైలు క్షేమంగానే ఉంది కాబట్టి నష్టమేమీ జరగలేదు. మర్నాడు వెళ్లి, ఆదివారం ఆపి మారుస్తాను, లేకపోతే మార్చను అని చెప్పాను. పిల్లలూ, ఈ ఒక్క వాక్యం చెప్పగలిగితే మీ ఉద్యోగంలో సగం కష్టాలు తప్పుతాయి. కంప్యూటర్ ఒక పూట ఆగినంత మాత్రాన డయాలసిస్ మిషన్ ఆగదు. ఆ తేడా పైవాళ్లకి తెలియదు, మనమే చెప్పాలి.

వినాయక చవితి వెళ్లాక వచ్చిన ఆదివారం మెషిన్‌ని ఆపి, ఫైలుని కొత్త సర్వర్‌కి కాపీ చేసి, రెండూ అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో సరిచూసి, అటువైపు లేపాను. గడియారం కూడా చూశాను. నిద్ర లేచిన మెషిన్ తను పడుకున్న టైమే ఇంకా నడుస్తోందనుకుంటుంది. దాన్ని సరిచేస్తే గానీ పని పూర్తి కాదు. సోమవారం పొద్దున నర్సులెవరికీ ఏమీ తెలియలేదు. ఈ పనిలో మెప్పు అంటే అదే, ఎవరికీ తెలియకపోవడం.

*"కూడడుగుతాదేటి?"*

వారం నడిచాక పాతదాన్ని తుడిచేస్తానని పాపారావు గారికి చెప్పాను.

"ఉండనీమ్మా. మూలనుంటాది. కూడడుగుతాదేటి?"

ఆయన ఏదీ పారేయరు. ఫ్యాక్టరీలో విరిగిన కుర్చీల కోసం ఒక గది ఉండేది. తుడవద్దని రెండుసార్లు చెప్పాక, సరేనని పాత సర్వర్‌ని ఆపేసి, నెట్‌వర్క్ కేబుల్ పీకి పక్కన వేలాడదీశాను. ఆ సర్వర్‌కి ఒక ఏర్పాటు ఉంది. కరెంటు పోయి వచ్చినప్పుడు మనిషి లేకపోయినా లోపలి మెషిన్ తనంతట తనే లేవాలని మొదట్లోనే పెట్టుకున్నాం. పలాసలో అది లేకపోతే బతకలేం. కేబుల్ పీకేసిన సర్వర్‌కి అది ఉంటే ఎంత, లేకపోతే ఎంత అనుకున్నాను.

ఇక్కడ కరుణమ్మ గారి గురించి చెప్పాలి. డయాలసిస్ గదికి ఆవిడ పెద్ద నర్సు. బాప్టిస్టు సంఘం మనిషి, ఆదివారం ఆరాధనలో పాటలు పాడేవారు. ఆ నెల్లాళ్లూ ఆవిడ ఆసుపత్రిలో లేరు. డొంకూరు నుంచి కవిటి దాకా పల్లెల్లో ట్రస్టు వాళ్లు రక్త పరీక్షల శిబిరం పెడితే అక్కడికి వెళ్లారు. కవిటి దగ్గర లోకనాథం గారని ఒక కొబ్బరి రైతుని అక్కడే చూశారు. ఆయన డయాలసిస్ కోసం వారానికి రెండుసార్లు ఒడిశాలోని బరంపురం పోయి వస్తున్నారు. మా దగ్గర ఉచితం కాబట్టి పేరు రాయించుకుని చాలాకాలంగా ఎదురుచూస్తున్నారు. బెడ్ ఖాళీ అయితే నేనే ఫోన్ చేస్తానని ఆవిడ ఆయనకి మాట ఇచ్చారు.

*దసరా డ్యూటీ*

మా ఆసుపత్రిలో ఒక అలవాటుండేది. దసరాకి క్రిస్టియన్ నర్సులు డ్యూటీ చేస్తారు, క్రిస్మస్‌కి మిగతావాళ్లు చేస్తారు. ఎవరూ రాసి పెట్టలేదు, అలా జరిగిపోయేది. ఆ యేడు దసరా మంగళవారం వచ్చింది. శిబిరం అప్పుడే ముగియడంతో కరుణమ్మ గారు నేరుగా వచ్చి డయాలసిస్ గదిలో డ్యూటీ తీసుకున్నారు. నేను టెక్కలిలో మా ఇంట్లో ఉన్నాను.

ఆరోజే ఆయుధ పూజ. జనరేటర్ చూసే దండాసి, అంబులెన్స్ డ్రైవర్లు కలిసి చేస్తారు. దండాసి భక్తి మామూలుది కాదు. జనరేటర్, నీళ్ల మోటారు, అంబులెన్సులు, ఫ్రిజ్‌లు, అన్నిటినీ తుడిచి, పసుపు రాసి, బొట్టు పెట్టి, ఒకసారి నడిపించి కొబ్బరికాయ కొడతాడు. కరుణమ్మ గారు పూజకి రారు, ప్రసాదం తినరు. "కొట్టక ముందు కాయ ఇచ్చీ దండాసీ, పచ్చడి సేసుకుంటాను" అనేవారు. అతను ఆవిడ కోసం ఒక కాయ విడిగా తెచ్చేవాడు.

ఆరోజు పొద్దున పూజ అయింది. మధ్యాహ్నం బెడ్ల జాబితా తెరిచి చూస్తే కరుణమ్మ గారికి సోమ, గురువారాల్లో పొద్దుటి పూట మూడో బెడ్ ఖాళీ అని కనబడింది. వెంటనే అక్కడ లోకనాథం గారి పేరు ఎక్కించి, ఆయనకి ఫోన్ చేసి గురువారం రమ్మన్నారు. ఆయన అదే సాయంత్రం బరంపురం ఆసుపత్రికి ఫోన్ చేసి, ఇక రాను, నా వంతు ఎవరికైనా ఇచ్చేయండి అని చెప్పేశారు. మంచి మనిషి, ఎవరి చోటూ ఊరికే ఆపి ఉంచడం ఇష్టం లేదు.

*గురువారం*

గురువారం నేను వెళ్లేసరికి డయాలసిస్ గది ముందు జనం మూగి ఉన్నారు. లోకనాథం గారు బెంచీ మీద కూర్చున్నారు, పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టడం లేదు. పక్కన ఆయన భార్య. లోపల మూడో బెడ్ మీద తవిటమ్మ అని పూండి నుంచి వచ్చే ఆవిడ అప్పటికే ఉంది. జీడిపిక్కలు ఒలిచి ఒలిచి ఆవిడ వేళ్లు నల్లబడి ఉండేవి. కరుణమ్మ గారు శిబిరంలో ఉన్నప్పుడే ఆ బెడ్ ఆవిడకి ఇచ్చారు. మూడు వారాలుగా పాసింజర్ రైల్లో వచ్చి వెళ్తోంది. జాబితాలో ఉన్నది ఆవిడ పేరే. లోకనాథం గారి పేరు ఎక్కడా లేదు.

"మంగళారం నానే ఎక్కించినాను. ఈ చేత్తోనే" అన్నారు కరుణమ్మ గారు.

పాపారావు గారు వచ్చారు. తెర చూశారు, ఆవిడని చూశారు. "కంప్యూటర్ అబద్ధం ఆడదు కదమ్మా. నెల్లాళ్లు ఎండలో తిరిగొచ్చినావు, మతిమరుపొచ్చుంటాది" అన్నారు. గట్టిగా కూడా అనలేదు. అంతమంది ముందు మెత్తగా అన్నారు. ఆవిడ మొహం చూడలేకపోయాను.

లోకనాథం గారి భార్య బరంపురానికి ఫోన్ చేసింది. ఆయన వంతు అప్పుడే వేరేవాళ్లకి వెళ్లిపోయింది.

"అయితే ఇప్పుడు ఎక్కడికెల్లాలండి?" అని అడిగిందావిడ. ఎవరిని అడుగుతోందో ఆవిడకీ తెలియదు.

లోపలి నుంచి తవిటమ్మ పిలిచింది. "సిస్టరమ్మా, నాది ఒక గంట తగ్గించీసి ఆ మావని ఎక్కించీయండి. నాకేటీ అవ్వదు."

"అలాగ అవ్వదమ్మా. నువ్వు కదలకుండా పడుకో" అన్నారు కరుణమ్మ గారు. ఆరోజు ఆఖరి పూట అయ్యాక, ఎవరినీ అడగకుండా, తనే ఉండిపోయి లోకనాథం గారికి డయాలసిస్ చేసి పంపించారు. అది ఆ ఒక్క రోజుకి. తర్వాత ఏమిటన్నది అలాగే ఉండిపోయింది.

*పవర్ బటన్ మీద బొట్టు*

మర్నాడు పాపారావు గారు నన్ను పిలిచి, ఇది నర్సు పొరపాటని ట్రస్టుకి చెబుతున్నాను, నీకేమైనా అభ్యంతరమా అన్నారు. ఒక్క పూట టైము అడిగి సర్వర్ గదికి వెళ్లాను. ఏం వెతుకుతున్నానో నాకే తెలియదు. కరుణమ్మ గారు అబద్ధం చెప్పే మనిషి కాదు. మెషిన్‌లో పేరు పోయిన జాడా లేదు. రెంటికీ పొత్తు కుదరడం లేదు.

గదిలో రెండు సర్వర్లూ మెరుస్తున్నాయి. కొత్తదానికి బొట్టు ఉంది. పాతదానికీ ఉంది, సరిగ్గా పవర్ బటన్ మీద. వేలితో నొక్కితే చెదిరిన బొట్టు. వెనక వేలాడుతూ ఉండాల్సిన కేబుల్ చక్కగా దాని చోట దూరి ఉంది.

దండాసిని పిలిచాను. అతను నన్ను అప్పా అంటాడు, అక్కా అని.

"ఇది నువ్వు ఆన్ చేశావా?"

"సేసినానప్పా. పూజ రోజున ఏ మిషనూ పడుకోకూడదు కదా. తీగొకటి ఊడిపోయుంటే అదీ పెట్టీసినాను. సాయంత్రం మళ్లీ ఆపీసినాను, ఎలాగున్నది అలాగ. ఏటి, పాడైపోనాదా?"

పాడవలేదు. అదే కష్టం. పాడైతే ఎవరైనా గమనించేవారు. అది చెప్పిన పని చెప్పినట్టు చేసింది. కరెంటు రాగానే తనంతట తనే లేచి, చవితి తర్వాతి ఆదివారం దగ్గరే ఉండిపోయిన జాబితాని పట్టుకుని కూర్చుంది. అప్పటికి మూడో బెడ్ ఖాళీయే, ఇంకా తవిటమ్మకి ఇవ్వలేదు. ఒకే పేరుతో, ఒకే చిరునామాతో రెండు మెషిన్లు పలుకుతుంటే, ఏ గదిలో కంప్యూటర్‌కి ఏది ముందు పలికితే అదే దొరుకుతుంది. డయాలసిస్ గదికి పాతది పలికింది. కరుణమ్మ గారు రాసిన పేరు అందులోకి వెళ్లింది. సాయంత్రం దండాసి దాన్ని ఆపేస్తే ఆ పేరు దాంతోపాటే పడుకుంది. పూజ చేసినవాడూ, పేరు రాసిన ఆవిడా, దాచమన్న కార్యదర్శీ, ఎవరి పని వాళ్లు శ్రద్ధగానే చేశారు. లోకనాథం గారికి మాత్రం బెడ్ లేకుండా పోయింది.

పాపారావు గారినీ కరుణమ్మ గారినీ గదిలోకి పిలిచి, కేబుల్ పీకేసి, పాతదాన్ని లేపి జాబితా తెరిచాను. గురువారం, పొద్దుటి పూట, మూడో బెడ్, లోకనాథం. కేటాయించినవారు కరుణమ్మ.

ఆవిడ దాని వంక చూసి, "ఉంది కదా" అని కుర్చీలో కూలబడ్డారు. రెండ్రోజులుగా ఆవిడ కూడా తన మతి మీద అనుమానపడుతున్నారని నాకప్పుడు అర్థమైంది. నాకు చాలా కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

పాపారావు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అయితే రెండూ నిజమేనా?"

"రెండూ నిజమే సార్. ఒకటి నెల క్రితం నిజం."

ఆయన కరుణమ్మ గారి వైపు తిరిగి, "తప్పుగా అనుకోకమ్మా" అన్నారు. నా వైపు చూసి, "ఇప్పుడు తుడిచీ" అన్నారు.

"ఒద్దండి" అన్నారు కరుణమ్మ గారు. "ఆయనకి బెడ్ దొరికీదాకా ఉంచండి. నాను ఇచ్చినానని ఎక్కడో ఒక దగ్గర ఉండాల."

మా వృత్తి ప్రకారం అది తప్పు. రెండో పాఠం అప్పుడే చేతికొచ్చింది కూడా. కొత్తది లేచాక పాతదాన్ని మళ్లీ లేవలేనట్టు చెయ్యాలి. కేబుల్ పీకితే చాలదు, మంచి మనసున్నవాడెవడో వచ్చి మళ్లీ పెడతాడు. అయినా ఆవిడ మొహం చూసి కాదనలేకపోయాను. పాత సర్వర్‌లోంచి డిస్కుల్ని బయటికి తీసి, నా బల్ల సొరుగులో పెట్టి తాళం వేశాను. ఇక వచ్చే దసరాకి దండాసి ఎంత పూజ చేసినా అది లేవదు. సర్వర్ ఖాళీ పెట్టెని పాపారావు గారి విరిగిన కుర్చీల గదికి పంపించాం.

*ఆదివారం గడి*

బరంపురం వాళ్లు దయతలచి వారంలో బుధవారం ఒక్కరోజు ఇస్తామన్నారు. రెండో రోజు మా దగ్గర ఎక్కడా లేదు. కరుణమ్మ గారు వచ్చి, ఆదివారం గది తెరుస్తానని పాపారావు గారితో చెప్పారు. ఆవిడ ఏది వదులుకుంటున్నారో మాకందరికీ తెలుసు.

"మీ సంఘంలో ఏమన్నారు?" అని తర్వాత అడిగాను.

"పాస్టర్ గారు ఏటీ అనలేదు. మా మావగారే రెండు వారాలు నాతో మాటాడ్లేదు. తర్వాత ఆయనే కేరేజీ పట్టుకొచ్చినారు."

సాఫ్ట్‌వేర్‌లో వారానికి ఆరు గళ్లే ఉండేవి. రాసినవాళ్లు ఆదివారం అనేది ఉంటుందని అనుకోలేదు. ఏడో గడి పెట్టడానికి నేను పడ్డ పాట్లు మెషిన్‌ని మోయడానికి కూడా పడలేదు. ఆ గడిలో చాలాకాలం ఒక్క పేరే ఉండేది. ఆదివారం పనేమీ లేకపోయినా అప్పుడప్పుడు వెళ్లేదాన్ని. గది నిశ్శబ్దంగా ఉండేది, మిషన్ ఒక్కటే తిరుగుతుండేది, కరుణమ్మ గారు కిటికీ దగ్గర కూర్చుని సన్నగా ఏదో పాట పాడుకునేవారు. లోకనాథం గారు కళ్లు మూసుకుని వినేవారు. బుధవారం బరంపురం, ఆదివారం పలాస, మధ్యలో ప్రయాణాలు. చలికాలం గడిచేసరికి ఆయన సగమయ్యారు. ఆవిడా అలిసిపోయారు. మా అందరికీ అలవాటైపోయింది, అదొక్కటే మేలు.

*మూడో బెడ్*

ఎండలు ముదిరాక ఒక గురువారం తవిటమ్మ రాలేదు. సాయంత్రానికి పూండి నుంచి కబురొచ్చింది. నిద్రలోనే పోయిందట.

కరుణమ్మ గారు ఆఖరి పూట వాళ్లని పంపించారు. తర్వాత లోకనాథం గారికి ఫోన్ చేశారు. సోమవారం పొద్దున ఆయన వచ్చి, గది ముందు బెంచీ మీద కూర్చుని అడిగారు.

"ఎవులిదమ్మా ఈ బెడ్డు?"

"తవిటమ్మది."

ఆయన తల వంచుకున్నారు. ఆ మొదటి గురువారం తన గంట ఇస్తానన్న గొంతు ఆయనకి గుర్తుండే ఉంటుంది. "అది వద్దమ్మా. ఇంకోటి కాళీ అయితే సూడండి" అన్నారు.

"ఇంకోటైనా ఎవులో ఒకలిదే కదా బావూ" అన్నారు కరుణమ్మ గారు.

లోకనాథం గారు భార్య భుజం పట్టుకుని లేచి నిలబడ్డారు.

కరుణమ్మ గారు కంప్యూటర్ దగ్గర కూర్చుని, తవిటమ్మ పేరు తీసి, సోమ, గురువారాలు, పొద్దుటి పూట, మూడో బెడ్, లోకనాథం అని ఎక్కించారు. నా వైపు తిరిగి, "ఆ డిస్కులు ఇంకా ఉన్నాయా?" అని అడిగారు.

సొరుగు తాళం తీసి తెచ్చాను. కుర్చీల గదిలోంచి ఖాళీ పెట్టెని తెప్పించి, డిస్కుల్ని అందులో పెట్టి, తుడవబోయే ముందు కేబుల్ లేకుండానే లేపి ఒక్కసారి జాబితా తెరిచాను. సొరుగులో పడుకున్న ఇన్నాళ్లూ అది ఒకటే మాట పట్టుకుని ఉంది. ఇప్పుడు కొత్త మెషిన్ కూడా అదే మాట అంటోంది. రోజు అదే, పూట అదే, బెడ్ అదే, పేరు అదే, ఇచ్చినవారూ ఆవిడే. నా ఉద్యోగంలో రెండు కాపీలు అక్షరం తేడా లేకుండా కలిస్తే సంతోషించాలి. ఎన్నోసార్లు సంతోషించాను కూడా. ఆరోజు మాత్రం నాకు ఏడుపొచ్చింది.

"సూసినాను. ఇంక తుడిచీయండి" అన్నారు కరుణమ్మ గారు.

డిస్కు మొత్తం తుడవడానికి చాలా టైము పడుతుంది. తెర మీద గీత మెల్లగా జరుగుతుంటే నేను అక్కడే కూర్చున్నాను. లోపల ఆవిడ మూడో బెడ్ మీద దుప్పటి మార్చి, తలగడ సర్ది, గుమ్మంలోకి వచ్చి లోకనాథం గారిని పిలిచారు.